తుర్రెబాజ్ ఖాన్‌ది దుడుకుతనమేనా?

దుడుకుతనాన్ని మనస్తత్వశాస్త్రం ఒక గుణంగా గుర్తించిన కథను మామూలుగా పారిస్‌లో మొదలుపెడతారు. 1801లో అక్కడి వైద్యుడు పినెల్, తెలివి చెడకుండానే ఉన్నట్టుండి హింసకు దిగే రోగుల గురించి రాశాడు. శిష్యుడు ఎస్కిరోల్ దాన్ని పొడిగించాడు. 1959లో అమెరికాలో మనస్తత్వవేత్త బారట్ దాన్ని కొలిచే ప్రశ్నావళి తెచ్చాడు. ఈ వరుస తప్పు కాదు, పలచన. పాలకులు ఈ గుణాన్ని మనిషికి కాక మొత్తం జనానికి అంటగట్టిన సంగతి అందులో ఉండదు. అది తెలియాలంటే మన హైదరాబాద్ పాతబస్తీకి రావాలి.

1857 జులై 17, శుక్రవారం. మక్కా మసీదు దగ్గర పోగైన జనం మూసీ దాటి కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి వెళ్లారు. ముందు నడిచింది తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. రోహిలాల (పఠాన్ సిపాయిల) ఆవేశం, ఒక్క పూట అల్లరి అని రాసి పేజీ తిప్పేసినవాళ్లే ఎక్కువ.

నాకది ఒప్పుకోబుద్ధి కాదు. ఔరంగాబాద్ పటాలం వదిలి వచ్చిన జమాదార్ చీదాఖాన్‌ను దివాన్ సాలార్‌జంగ్ పట్టి రెసిడెంట్ డేవిడ్‌సన్‌కు అప్పగించాడు. అతన్ని విడిపించాలన్నది వీళ్ల పట్టు. దారిన పోతూ రాళ్లు రువ్వి చెదిరిపోలేదు. రెసిడెన్సీ ఎదుటి రెండు పెద్ద ఇళ్లు చేజిక్కించుకుని, అక్కణ్నుంచి తెల్లవారుజాము దాకా కాల్చారు. 2001లో మనస్తత్వవేత్తలు వైట్‌సైడ్, లైనమ్ దుడుకుతనాన్ని విడదీసి చూపిన పాయల్లో ముందాలోచన లేకపోవడం ఒకటి, పట్టు నిలవకపోవడం ఒకటి. ఆ రాత్రి ఈ రెండూ నాకు కనిపించవు. అయితే గుంపులో చేరిన ప్రతివాడూ ఆలోచించే వచ్చాడని అనను. ఫిరంగుల ముందుకు తుపాకులతో వెళ్లడంలో లెక్క తప్పిన మాటా నిజమే. లెక్క తప్పడం వేరు, లెక్కే వేయకపోవడం వేరు.

పట్టుబడి ద్వీపాంతర శిక్ష పడిన తుర్రెబాజ్ 1859 జనవరి 18న తప్పించుకున్నాడు. వారం తిరక్కుండానే తూప్రాన్ దగ్గర చంపేశారు. శవాన్ని తెచ్చి రెసిడెన్సీ దగ్గర వేలాడదీశారు. అండమాన్‌కు పంపిన అల్లావుద్దీన్ అక్కడే కన్నుమూశాడు.

ఒక్కో మనిషిని కొలిచే కొలబద్దగా ఈ శాస్త్రం ఈనాడు బాగానే పదునెక్కింది. జనం మీద, బస్తీల మీద దాన్ని వాడితే మాత్రం పాత దొరల మాటే కొత్త పేరుతో తిరిగొస్తుంది. కోఠీలో తుర్రెబాజ్ పేరుతో రోడ్డుంది, స్మారకముంది. మన నోళ్లలో మాత్రం గొప్పలకు పోయేవాణ్ని "పెద్ద తుర్రంఖాన్" అంటాం. ఆ మాట ఆయన పేరు నుంచే వచ్చిందని నగరంలో చెప్పుకుంటారు. అదే నిజమైతే, ఆ రాత్రంతా కోఠీలో నిలబడి పోరాడినవాణ్ని మనం ఉత్త మాటల మనిషిని చేశాం.