అడగడం వేరు, చెరపడం వేరు



రైల్వే స్టేషన్‌లో రెండు కౌంటర్లు మీరంతా చూసే ఉంటారు. ఒకటి ఎంక్వయిరీ, రెండోది రిజర్వేషన్. హోసూరులోనైనా, బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా బోర్డు మీది భాష మారుతుంది గాని పద్ధతి మారదు. బండి ఎప్పుడొస్తుందని ఎంక్వయిరీలో పదిసార్లు అడిగితే గుమాస్తా విసుక్కుంటాడేమో గాని, మన టిక్కెట్టుకు ఏమీ కాదు. రిజర్వేషన్ కౌంటర్లో రద్దు ఫారం ఇచ్చామా, టిక్కెట్టు పోయినట్లే. అడగడం వేరు, చెరపడం వేరు. ఈ చిన్న తేడాను పట్టించుకోనందువల్ల కంప్యూటర్ల లోకంలో 2005లో ఏం జరిగిందో ఇవాళ చెప్పుకుందాం.

ముందు కోడ్ లైబ్రరీ అంటే ఏమిటో చూద్దాం. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్‌శాక్ అనే కంప్యూటర్ 1949లో పని మొదలుపెట్టింది. పదేపదే అవసరమయ్యే లెక్కలను ప్రతివారూ కొత్తగా రాసుకోనక్కర లేకుండా, ఒకసారి సరిగ్గా రాసి, చిల్లులు పొడిచిన కాగితపు టేపుల మీద అక్కడ దాచేవారు. కావలసినవారు నకలు తీసి తమ ప్రోగ్రాములో కలుపుకునేవారు. విల్క్స్, వీలర్, గిల్ అనే ముగ్గురు 1951లో ఈ పద్ధతిని పుస్తకంగా వెలువరించారు. ఒకరి శ్రమ పదిమందికి పనికిరావడమే లైబ్రరీ. అయితే ఒకరి పొరపాటు కూడా అలాగే పదిమందికి చేరుతుంది.

ఇక వెబ్ సంగతి. టిమ్ బెర్నర్స్-లీ 1989లో స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన సంస్థలో దీనిని ప్రతిపాదించారు. మొదట్లో ఇది మనుషులు చదువుకునే పేజీల కోసమే. క్రమంగా ఒక కంప్యూటర్లోని ప్రోగ్రాము మరో కంప్యూటర్‌ను నేరుగా అడిగి సమాచారం తెచ్చుకోవలసిన అవసరం వచ్చింది. అలా అడగడానికి ఏర్పరచిన ద్వారమే వెబ్ ఏపీఐ.

వెబ్‌లో కంప్యూటర్లు మాట్లాడుకునే మర్యాదల పేరు హెచ్‌టీటీపీ. 1996 మే నెలలో వెలువడిన దాని పత్రంలోనే ఒక కట్టుబాటు ఉంది. గెట్ అనే అభ్యర్థనకు తెచ్చి చూపడం తప్ప మరో పని అంటగట్టరాదని. ఆ పత్రం రాసినవారిలో ఒకరైన రాయ్ ఫీల్డింగ్ 2000లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ శాఖలో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో, వెబ్ నిర్మాణ సూత్రాలను క్రోడీకరించి రెస్ట్ అని పేరు పెట్టారు. ప్రతి వస్తువుకూ ఒక చిరునామా ఉండాలి. ప్రతి అభ్యర్థనా పూర్తిగా నింపిన ఫారంలా ఉండాలి. కౌంటరులోని గుమాస్తా నిన్నటి మాట గుర్తుపెట్టుకోనక్కర లేదు. అందరూ ఒకే తీరు పద్ధతులు పాటించాలి. అప్పుడే దారి మధ్యనున్న కంప్యూటర్లు కూడా నిర్భయంగా సాయపడగలవు.

2004లో రూబీ ఆన్ రెయిల్స్ అనే లైబ్రరీ బయటికి వచ్చింది. డెన్మార్కుకు చెందిన డేవిడ్ హైన్‌మైయర్ హాన్సన్ దాని కర్త. వెబ్ పని ఎంతో తేలికయింది. కాని ఆ రోజుల్లో అనేకులు, రెయిల్స్‌లోనూ బయటా, చెరిపే పనిని కూడా మామూలు లింకుగానే పెట్టేవారు. అంటే ఎంక్వయిరీ బోర్డు కింద రద్దు కౌంటరు నడిపారన్నమాట. నొక్కేది మనిషే గనుక ప్రమాదం తెలియలేదు.

2005 మేలో గూగుల్ సంస్థ వెబ్ యాక్సిలరేటర్ అనే సాధనాన్ని విడుదల చేసింది. మీరు ఒక పేజీ చదువుతుండగానే అందులోని లింకులను అది ముందే తెచ్చి ఉంచేది. గెట్ వల్ల హాని లేదన్న కట్టుబాటును నమ్మి ఆ పని చేసింది. ఆ లింకుల్లో చెరిపేవీ ఉన్నాయి! బ్యాక్‌ప్యాక్ అనే సేవలో కొందరు రాసి దాచుకున్నవి వారు ముట్టుకోకుండానే మాయమయ్యాయి. 'నిజంగా చెరపమంటారా?' అని అడిగే హెచ్చరిక మనిషికే గాని ఆ యంత్రానికి అడ్డు కాలేదు. తప్పు గూగుల్‌దని కొందరు, తొమ్మిదేళ్లనాటి కట్టుబాటు మీరినవారిదని కొందరు వాదులాడుకున్నారు.

వాదం ఎలా ఉన్నా పాఠం మిగిలింది. 2007 జనవరిలో వచ్చిన రెయిల్స్ 1.2లో, ఒక వస్తువు పేరు ఒక్క వరుసలో చెబితే చాలు. చదవడానికి గెట్, చేర్చడానికి పోస్ట్, మార్చడానికి పుట్, చెరపడానికి డిలీట్ అని లైబ్రరీయే దారులు వేసిపెడుతుంది. లోగడ తప్పును మోసిన లైబ్రరీయే ఇప్పుడు మర్యాద నేర్పసాగింది. 2010లో వచ్చిన ఫ్లాస్క్, 2018లో వచ్చిన ఫాస్ట్ ఏపీఐ వంటి పైథాన్ లైబ్రరీల్లోనూ ఈ మాటలే వాడుక.

అయినా ఒక్క జాగ్రత్త. గెట్ అని రాసి దాని కింద చెరిపే పని పెడితే, ఇవాళ్టికీ ఈ లైబ్రరీలు అడ్డుపడవు. బోర్డు రాసేది లైబ్రరీ, లోపల పని చేసేది మనం. బెంగళూరులో, చెన్నైలో ఈ వృత్తిలో ఉన్న మన పిల్లలు ఆ బోర్డుకు, లోపలి పనికి పొత్తు కుదిరిందో లేదో చూసుకుంటే, ఎక్కడో ఎవరో దాచుకున్న నాలుగు మాటలు భద్రంగా ఉంటాయి.