చదువు ఇంటికొస్తే వాడ దాటేదెట్లా?

వెంకటగిరికోట మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. ఇక్కడి దళితవాడల్లో ఇంటర్ పాసైన పిల్లల ముందు రెండు దారులున్నాయంటున్నారు. కుప్పమో తిరుపతో పోయి హాస్టల్లో ఉండి చదవడం ఒకటి. ఇంటిపట్టునే ఉండి, కూలికో బెంగుళూరు పనికో పోతూ, దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో డిగ్రీ కట్టడం రెండోది. ఏది మేలో ఎవరికి వాళ్లు తేల్చుకోండి అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. కానీ తేల్చుకునే స్వేచ్ఛ ఎవరికుంది? ఈ ప్రశ్నను చరిత్రలో పెట్టి చూడాలని మేము అనుకుంటున్నాం.

ఈ నేల మీద దళితులకు దూరప్రయాణం కొత్తేమీ కాదు. 1880లలో కోలారు బంగారు గనుల తవ్వకం ఊపందుకున్నప్పుడు చిత్తూరు ప్రాంతం ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేది. ఆ జిల్లా దళితులు వేల సంఖ్యలో పోయి గనుల్లోకి దిగారు. 2001 ఫిబ్రవరిలో గనులు మూతబడ్డాయి. ఇవాళ వాళ్ల మనవలు, మునిమనవలు బెంగుళూరు బస్సులు, రైళ్లు ఎక్కుతున్నారు. కూలి కోసం ఊరు దాటడానికి ఎవరూ అడ్డుపడలేదు. చదువు కోసం దాటాలన్నప్పుడే లెక్కలు మొదలవుతాయి. నెలకు ఎంత పోతుంది? ఇంట్లో కూలిడబ్బు ఎవరు తెస్తారు? ఆడపిల్లనైతే ఎట్లా పంపేది?

ఈ లెక్కలకు జవాబుగానే సార్వత్రిక విశ్వవిద్యాలయం వొచ్చింది. భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1982 ఆగస్టు 26న, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలయింది. దేశంలో అదే మొదటిది. తొలి వైస్ ఛాన్సలర్ జి. రామిరెడ్డి తర్వాత 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి వైస్ ఛాన్సలరయ్యారు. బడి మానేసినవాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది. పుస్తకాలు తెలుగులో ఇచ్చారు, రేడియోలో పాఠాలు చెప్పారు, కాలేజీల్లో స్టడీ సెంటర్లు పెట్టారు. అంగన్‌వాడీ కార్యకర్తలు, అటెండర్లు, పెళ్లయిపోయిన ఆడవాళ్లు డిగ్రీ చేతబట్టుకున్నారు. ఆ మేలు తక్కువది కాదు. 1991లో, అంబేడ్కర్ శతజయంతి ఏడాదిలో, దానికి ఆయన పేరు పెట్టారు.

పేరు పెట్టారు సరే, అంబేడ్కర్ తాను కాలేజీ పెట్టినప్పుడు ఏం చేశాడో అడగాలి కదా? 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించి, 1946 జూన్‌లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచాడు. పగలు ఉద్యోగం చేసుకునే పేద పిల్లల కోసం అక్కడ పొద్దున్నే తరగతులు పెట్టించాడు. చదువు వేళను మార్చాడు, చోటును మార్చలేదు. కూలి పోకుండానే పిల్లవాడు తరగతిలో కూచున్నాడు, గ్రంథాలయం చూశాడు, పక్కవాడితో వాదించాడు. 1950లో ఔరంగాబాదులో పెట్టిన కాలేజీకి హాస్టళ్లు కూడా తోడయ్యాయి. పనా చదువా అన్న చిక్కుకు ఆయన ఇచ్చిన జవాబు ఇది. మన ప్రభుత్వాలు ఆయన పేరు తీసుకున్నాయి, ఈ జవాబును తీసుకోలేదు.

చోటుకు అంత విలువ ఎందుకు? ఇల్లు అందరికీ ఒకటే ఇల్లు కాదు గనక. అగ్రవర్ణ ఇంట్లో చదువుకు గది ఉంటుంది, చదువుకున్న అన్న ఉంటాడు, ఏ కోర్సుకు ఏ ఉద్యోగమొస్తుందో చెప్పే మామ ఉంటాడు. మా ఇళ్లల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి తరం మేమే. మాకు ఆ అన్నా ఆ మామా హాస్టల్లోనే దొరికారు. ఏకలవ్యుడు బొమ్మను ఎదురుగా పెట్టుకుని ఒంటరిగా నేర్చుకున్నాడు. విద్య వొచ్చింది. బొటనవేలు అడిగిన రోజున, ఇవ్వొద్దని చెప్పే తోటి విద్యార్థి ఒక్కడూ పక్కన లేడు.

డబ్బు లెక్కలోనూ తేడా ఉంది. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు నిబంధనల్లో చాలాకాలం దూరవిద్య విద్యార్థికి దక్కింది ఫీజూ పుస్తకాల భత్యమే. హాస్టల్ విద్యార్థికిచ్చే నెలవారీ పోషణ భత్యం అతనికి లేదు. ఇంట్లో ఉన్నవాడికి ఆకలి ఉండదని లెక్క కాబోలు!

అట్లాగని కాలేజీ ప్రాంగణం స్వర్గమని మేము చెప్పడం లేదు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి వెలివేసిన దళిత విద్యార్థులు ఆరుబయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల ప్రాణం పోయింది. ఊరు కులాన్ని క్యాంపస్ దాకా మోసుకొస్తుంది. కానీ ఆ చావు దేశమంతా ప్రశ్నయింది. అక్కడ అంబేడ్కర్ విద్యార్థి సంఘం ఉంది, పక్కన నిలబడే తోడు ఉంది. ఇంట్లో ఫోను ముందు కూచుని చదువు మానేసినవాడి కోసం ఏ గుడారం లేస్తుంది?

2020 మార్చిలో కరోనాతో కాలేజీలు మూతబడినప్పుడు ఇది బాగా తేలింది. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి నూటికి 14.9, కంప్యూటర్ ఉన్నవి 4.4 మాత్రమే. ఆ లెక్క మీదే చదువంతా ఆన్‌లైన్‌కు ఎక్కింది. 2022 సెప్టెంబరులో యూజీసీ, గుర్తింపున్న సంస్థల దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానమని చెప్పింది. మంచిదే, ఉద్యోగాల్లో ఆ హక్కు మనకు కావాలి. అదే యూజీసీ అదే ఏడాది నిబంధనల్లో పీహెచ్‌డీని మాత్రం దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చేయకూడదంది. పై మెట్టుకు ప్రాంగణం తప్పనిసరైతే, కింది మెట్టు మీద నిలబడ్డ మన పిల్లలకు ఫోను చాలుననే మాటను ఎట్లా నమ్మాలి?

కాబట్టి మేము చెప్పేది ఇది. కదలడానికి వీలున్న పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, మొదటి డిగ్రీకి హాస్టల్ దారి పట్టాలి. వీలులేనివాళ్లు దూరవిద్యను వొదులుకోవద్దు. చేరేముందు ఆ కోర్సుకు ఆ ఏడాది యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి, స్టడీ సెంటర్ తరగతులకు తప్పకుండా పోవాలి, అదే పుస్తకం చదివే నలుగురు ఒకచోట చేరాలి. వాడలోని అంబేడ్కర్ భవనం ఉన్నదే అందుకు. ఉద్యమకారులు, ఉపాధ్యాయులు అడగాల్సినవి వేరే ఉన్నాయి. కూలికి పోయే పిల్లలకు పొద్దుటి తరగతులు, సాయంత్రం తరగతులు నడిపే కాలేజీ కావాలి. తినదగ్గ భోజనం పెట్టే హాస్టల్ కావాలి. దూరవిద్య విద్యార్థికీ నెలనెలా భత్యం కావాలి. ఇవేవీ ఇవ్వకుండా రెండు దారుల్లో ఒకటి ఎంచుకోమనే ప్రభుత్వాన్ని, రెండో దారి ఎక్కడుందో చూపించమని నిలదీయాలి.