ఆరియోకార్పస్

ఆరియోకార్పస్ కాక్టేసీ కుటుంబానికి చెందిన చిన్న ప్రజాతి. ఉత్తర, మధ్య మెక్సికోలోనూ, దానికి ఆనుకొని ఉన్న టెక్సస్ పశ్చిమ ప్రాంతంలోనూ తప్ప సహజంగా మరెక్కడా పెరగదు. సున్నపురాతి గుట్టలూ, వానకు నీరు నిలిచి ఎండిపోయే ఒండ్రు మైదానాలూ దీని ఆవాసాలు. ఇందులో ఆరు జాతులని కొందరు, ఎనిమిదని మరికొందరు లెక్కిస్తారు.

ఈ మొక్కలో ఎక్కువ భాగం నేలలోనే ఉంటుంది. ముల్లంగిలా లావెక్కిన తల్లివేరు నీటిని దాచుకుంటుంది. కరువులో మొక్క కుంచించుకుపోయి మట్టిలోకి దిగిపోతుంది. పైకి కనిపించేది నేలకు అంటుకుపోయిన త్రికోణాకారపు బుడిపెల వలయం మాత్రమే. రంగు చుట్టూ ఉన్న రాళ్లదే కావడంతో, పూయని రోజుల్లో పక్కనే నిలబడినవారికి కూడా మొక్క ఆనవాలు దొరకదు. నాగజెముడు కుటుంబానికే చెందినా, ఎదిగిన మొక్కకు ముళ్లు ఉండవు. లేత మొలకల్లో మాత్రం చిన్న ముళ్లు కనిపిస్తాయి. ముళ్లు లేని లోటును హోర్డెనిన్ వంటి చేదు ఆల్కలాయిడ్లు కొంత తీరుస్తాయి. సెప్టెంబర్–డిసెంబర్ మధ్య నడినెత్తిన ఉన్న నూగులోంచి గులాబి, తెలుపు లేదా పసుపు పూలు విచ్చుకుంటాయి. కాయలు ఆ నూగులోనే దాగి ఉంటాయి. ఎదుగుదల చాలా నెమ్మది; విత్తనం నుంచి పూత దాకా ఏళ్లు పడుతుంది.

శాస్త్రవేత్తల కంటే ముందే స్థానికులకు ఈ మొక్క తెలుసు. దీని జిగురుతో పగిలిన కుండలను అతికేవారు. ఈ మొక్క ఉన్నచోట దొంగలు ఏమీ చేయలేరని తారాహుమారా ప్రజలు నమ్మేవారని నార్వే యాత్రికుడు కార్ల్ లుమ్‌హోల్ట్స్ 1902లో రాశాడు. చివరికి ఆ మొక్కనే దొంగలు వదల్లేదు.

ఆన్రి గాలియోటి శాన్ లూయీస్ పొటోసి ప్రాంతం నుంచి పంపిన మొక్కల ఆధారంగా వృక్షశాస్త్రవేత్త షైడ్‌వైలర్ 1838లో బెల్జియంలో ఆరియోకార్పస్ రెట్యూసస్‌ను వర్ణించాడు. మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌లో షార్ల్ లెమేర్ అదే మొక్కకు అన్హలోనియం అని వేరే పేరు పెట్టాడు. ముందు పెట్టిన పేరే చెల్లాలన్నది వృక్షశాస్త్ర నియమం. అయినా ఆ శతాబ్దం చివర్లో కార్ల్ షూమన్ మొదటి పేరును నిలబెట్టేదాకా రెండూ వాడుకలో ఉన్నాయి. 1842లో లెమేర్ వర్ణించిన చిన్న జాతికి రష్యా యువరాజు కొచుబే పేరు మీద కొచుబేయానస్ అని పేరొచ్చింది. ఈ మొక్కల మీద ధనికుల మోజు అప్పటికే మొదలైందనడానికి ఈ పేరే సాక్ష్యం. టెక్సస్‌లో పెరిగే ఏకైక జాతి ఫిసురేటస్‌ను జార్జ్ ఎంగెల్మన్ 1856లో వెలుగులోకి తెచ్చాడు.

బుడిపెల పైభాగంలో నూగు గాడి ఉన్న జాతులను 1925లో ఆల్విన్ బెర్గర్ రోసియోకాక్టస్ పేరుతో విడదీశాడు. 1941లో తమౌలిపాస్ రాష్ట్రంలో దొరికిన అగవాయిడిస్‌ను మార్సెలినో కాస్తన్యేదా మరో ప్రజాతిగా భావించి, ఆ రాష్ట్ర గవర్నర్‌గా పనిచేసిన మార్తె గోమెస్ గౌరవార్థం నియోగోమేసియా అన్నాడు. ఈ చీలికలు ఎక్కువకాలం నిలవలేదు. 1960లలో ఎడ్వర్డ్ ఆండర్సన్ ఆవాసాల్లో తిరిగి పరిశీలించి అన్నింటినీ ఆరియోకార్పస్ కిందికే తెచ్చాడు. ఈ ప్రజాతి విషయంలో తిరుగులేని కృషి ఆయనదే. ఎర్నాందెస్‌తో కలిసి 1992లో ఆయన వర్ణించిన బ్రావోయానస్, మెక్సికో కాక్టస్ పరిశోధనకు పునాది వేసిన ఎలియా బ్రావో పేరును నిలిపింది.

కొత్త జాతి దొరికిన చోటు బయటపడగానే అక్కడ తవ్వకాలు మొదలవడం ఈ ప్రజాతికి పట్టిన దుర్గతి. అగవాయిడిస్, బ్రావోయానస్, న్యూవో లెయోన్‌లోని స్కఫిరోస్ట్రిస్ కొద్దిచోట్లకే పరిమితం కావడంతో, ఒక్క దొంగల ముఠా చాలు ఒక గుట్టనంతా ఖాళీ చేయడానికి. టెక్సస్‌లో అధికారులు పట్టుకున్న వేలాది ఫిసురేటస్ మొక్కలను ఆల్పైన్ పట్టణంలోని విశ్వవిద్యాలయ హరితగృహంలో ఉంచి సాకాల్సి వచ్చింది.

నిజానికి అడవి మొక్కను పెకలించాల్సిన అవసరమే లేదు. విత్తనాల నుంచి వీటిని బాగా పెంచవచ్చు. డ్రాగన్ ఫ్రూట్ కాండం మీద మొలకలను అంటుకడితే ఎదుగుదల వేగం పుంజుకుంటుంది. జపాన్ పెంపకందారులు ఫిసురేటస్ నుంచి గాడ్జిల్లా వంటి రకాలను ఇలాంటి పెంపకంతోనే తీర్చిదిద్దారు. ప్రస్తుతం ఈ ప్రజాతి మొత్తం, అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలోని మొదటి అనుబంధంలో ఉంది. అడవి నుంచి తీసిన మొక్కలతో అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. 1976 నుంచి ఆ ఒప్పందంలో ఉన్న భారత్‌కూ ఇది వర్తిస్తుంది. నర్సరీలో పెంచిన మొక్కనైనా అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటించకూడదు.