షత్రంజ్ విద్వాంసుడు అస్సూలీ

ఈనాడు చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఉన్నట్లే, అబ్బాసీ యుగంలో షత్రంజ్ ఆటగాళ్లకు తరగతులుండేవి. వాటిలో అత్యున్నతమైనది 'ఆలియా'. ఒక్కొక్క కాలంలో ఆ స్థాయిని అందుకొన్నవారు బహు కొద్దిమంది. అల్-అద్లీ తర్వాతి తరాల్లో అలాంటి ఖ్యాతి గడించినవాడు అబూ బక్ర్ ముహమ్మద్ బిన్ యహ్యా అస్సూలీ. షత్రంజ్ ధర్మబద్ధతను గురించి ఫుఖహాలలో అభిప్రాయభేదాలున్న మాట పాఠకులకు తెలిసినదే. ఇక్కడ మన ప్రస్తావన చరిత్రకు పరిమితం.

అస్సూలీ పూర్వీకులు జుర్జాన్‌ను ఏలిన తుర్కీ వంశీయులు. ఖలీఫా అల్-ముక్తఫీ (902-908) దర్బారులో అప్పటికి అల్-మావర్దీ అనే ఆటగాడిదే పైచేయి. వారిద్దరికీ పోటీ జరిగినప్పుడు ఖలీఫా మొదట బాహాటంగా మావర్దీ పక్షం వహించాడని చరిత్రకారుడు అల్-మస్ఊదీ రాశాడు. అయినా అస్సూలీ నిర్ద్వంద్వంగా గెలిచాడు. 'మావర్ద్' అంటే పన్నీరు. నీ పన్నీరు చెడిపోయిందని ఖలీఫాయే తన పాత అభిమానపాత్రుణ్ణి ఎగతాళి చేశాడట.

అస్సూలీ కేవలం ఆటగాడు కాడు. ఖలీఫాల చరిత్రను, కవుల చరిత్రలను, లేఖకుల విద్యను గురించి 'అదబుల్ కుత్తాబ్' అనే గ్రంథాన్ని రచించాడు. తర్వాత ఖలీఫా అయిన అర్రాదీకి బాల్యంలో గురువు. 934లో శిష్యుడు ఖలీఫా కాగానే గురువు ఆయనకు ఆంతరంగిక సహచరుడయ్యాడు. ఒకనాడు ఉద్యానవన శోభను సహచరులు పొగడుతుండగా, అస్సూలీ ఆట ఇంతకన్నా సుందరమని అర్రాదీ అన్నాడట.

940లో అర్రాదీ మరణించాడు. కొత్త ఖలీఫా అల్-ముత్తఖీ తనకు ముస్హఫే చాలిన సహచరమని చెప్పి దర్బారు సహచరులను వద్దన్నాడు. ఈ సంగతిని స్వయంగా అస్సూలీయే తన చరిత్ర గ్రంథంలో నమోదు చేశాడు. ఆ మాటను తప్పుపట్టడం ఎవరి తరం? కాని దానితో ఆయన జీవనాధారం పోయింది. తర్వాత హజ్రత్ అలీ (రజి)ని గురించి ఆయన ఉల్లేఖించిన ఒక రివాయతుపై జనం ఆగ్రహించారనీ, ఆయన బస్రాలో అజ్ఞాతంలోనే మరణించాడనీ ఇబ్న్ నదీం చెప్పాడు. అది సుమారు 946వ సంవత్సరం. పోటీలో ఖలీఫా పక్షపాతాన్ని సైతం జయించిన నైపుణ్యం, పోషకుడు పోయాక ఆయనను కాపాడలేకపోయింది.

అయితే ఆయన రాసిన షత్రంజ్ సమస్యలు మిగిలాయి. నాటి ఆటలో మంత్రి ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. పావులన్నీ పోయి రాజు ఒంటరైతే అదీ ఓటమే. ఇరుపక్షాలకూ రాజు, మంత్రి మాత్రమే మిగిలిన ఒక సమస్యను అస్సూలీ చూపి, అందులో ఒక పక్షానికి గెలుపు ఉందన్నాడు. వెయ్యేళ్ల తర్వాత, 1980లలో, సోవియట్ గ్రాండ్‌మాస్టర్ యూరీ అవెర్బాఖ్ ఆ గెలుపు మార్గాన్ని కనుగొన్నాడు.

పదమూడవ శతాబ్దిలో ఇబ్న్ ఖల్లికాన్ కాలానికి షత్రంజ్‌ను కనిపెట్టినవాడు అస్సూలీయేనని జనం అనుకోసాగారు. అది పొరపాటనీ, ఆ ఘనత హిందూదేశపు సిస్సాదనీ ఆయన సరిదిద్దవలసివచ్చింది. తలదాచుకొని మరణించినవానికి ఆ పొరపాటును మించిన కీర్తి ఏముంటుంది?