రాఘవగారు - 'రైతుబిడ్డ'

రాఘవగారనగానే బళ్ళారి తెలుగువారమైన మనకు నాటకరంగమే జ్ఞప్తికి వచ్చును. వెండితెరమీద వారు చేసిన పనిని మనము అంతగా తలచుకొనము.

1938లో గూడవల్లి రామబ్రహ్మంగారు సారథి సంస్థ పక్షాన 'మాలపిల్ల' తీసి, అంటరానితనము అన్యాయమని చాటిరి. మరుసటి ఏడే 'రైతుబిడ్డ' తీసిరి. అందులో నర్సిరెడ్డి అను చిన్నరైతు జమీందారు నిలిపిన మనిషికి గాక రైతుల అభ్యర్థికి ఓటు వేసి అగచాట్ల పాలగును. ఆ పాత్ర రాఘవగారిది. కొసరాజుగారు సినిమా పాటలు వ్రాయుట దీనితోనే ఆరంభము. విచిత్రమేమనగా, సారథికి అండగా నిలిచినవారు చల్లపల్లి జమీందారుగారే!

తక్కిన జమీందారులు ఊరకుండలేదు. దొరతనమువారు చిత్రమును నిషేధించిరి. ఉత్త వినోదమే అయినచో నిషేధమెందుకు? చదువురాని రైతుకు సైతము తెరమీది బొమ్మ తన కష్టమును తనకే చూపినది. అదే వారి భయము.

1948 నాటి మద్రాసు చట్టముతో జమీందారీలు రద్దయినవి. అది రైతు ఉద్యమముల ఫలము; ఒక్క సినిమావలననే జరిగెననుట అతిశయోక్తి. కాని రైతు పక్షాన తెర మాటాడిన రోజులలో ఆ గొంతు మన ఊరిదే. 1946లో కన్నుమూసిన రాఘవగారు ఆ చట్టమును చూడలేదు.

ఈ ఉగాదినాడు మన పిల్లలకు వారి నాటకములతోపాటు ఈ కథయు చెప్పుదము.