కొండ మీది జునిపర్, గోడ మీది రావి

బోన్సాయ్ అనగానే మనవాళ్ళకి జపానే గుర్తొస్తుంది. పుట్టిల్లు మాత్రం చైనా. క్రీ.శ. 706 నాటి ఒక టాంగ్ రాకుమారుడి సమాధి గోడల మీద, పళ్ళేల్లో బుల్లి మొక్కలు పట్టుకెళ్తున్న పరిచారకుల బొమ్మలున్నాయి.

జపాన్ వాళ్ళ పేరుమోసిన 'షింపాకు' జునిపర్లు మొదట కుండీల్లో పెరిగినవి కావు. షికోకు దీవిలో ఇషిజుచి కొండమీదా, తర్వాత ఇతోయిగావా కొండచరియల్లోనూ గాలికీ మంచుకీ మెలితిరిగి, సగం కొయ్య ఎండి తెల్లబడ్డ చెట్లవి. తాళ్ళు కట్టుకుని దిగి మరీ పెకలించుకొచ్చారు. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. చివరికి కొండలు బోసిపోయాయి. ఇప్పుడు తీగచుట్టి వంచడం, బెరడు ఒలవడం... అంతా ఆ కొండగాలి పనికి రివర్స్ ఇంజనీరింగే :)

మరి మా అత్తిలి డాబా మీద? జునిపర్‌కి చలికాలం నిద్ర కావాలి. డెల్టాలో అంత చలేదీ? నా ఓటు రావికే. పాత గోడల పగుళ్ళలో కాకులు వేసిన గింజలు మొలిచి, మట్టిలేక ఏళ్ళతరబడి జానెడే ఉండిపోయిన రావి మొక్కలు మన షింపాకులు కావూ? పైగా వీటిని పీకితే గోడ బతుకుతుంది.

"ఇంట్లో రావేంట్రా!" అంటోంది అమ్మ. వేళ్ళు కత్తిరిస్తూ ఉంటానంటే నమ్మట్లేదు.