కోనసీమ పాయల కొలత

కోనసీమలో నూయి త్రవ్వినచో ఇసుక, బంకమన్ను, ఒండ్రు పొరలు పొరలుగా కనబడును. త్ర్యంబకేశ్వరమువద్ద పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించు గోదావరి, ధవళేశ్వరము దాటిన పిమ్మట గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలును. వసిష్ఠనుండి వైనతేయ విడివడును. కొత్తపేట, అమలాపురము, రాజోలు ఈ పాయలు తెచ్చిన మట్టిమీద నిలిచిన ఊళ్ళు. ఆ నేలను పోసినది నది. దానిని కోసివేయగలదియు నదియే. కావున నది ఆకారమును కొలుచుట ఇచ్చటి ప్రజల బ్రతుకునకు సంబంధించిన పని.

ఈ కొలతల చరిత్ర కరవుతో ప్రారంభమైనది. 1832-33 నాటి నందన కరవు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన గోదావరి మండలమును క్రుంగదీసినవి. నది నిండుగ సముద్రములో కలియుచుండగా ప్రక్కనే పైరులు ఎండుచుండెను. 1844లో ఇంజనీరు ఆర్థర్ కాటన్ డెల్టాను పరిశీలించి, ఆనకట్ట కట్టవచ్చునని ప్రభుత్వమునకు తెలిపెను. ఇట్టి పనికి ముందుగా తెలియవలసినవి మూడు: నేల సముద్రమువైపు ఎంత వాలియున్నది? నది వెడల్పు, లోతు ఎంత? వరదలో నీరు ఎంత ఎత్తునకు లేచును?

డెల్టాలో ఒక విశేషము కలదు. వరదనీరు గట్టు పొర్లినప్పుడు వేగము తగ్గి, ముతక మట్టి ఒడ్డునకు దగ్గరగనే దిగును. అందుచే ఒడ్డు ఎత్తుగను, దూరమైన కొలది నేల పల్లముగను ఉండును. కావున మెరకమీద కాలువ త్రవ్వినచో నీరు తనంతట తానే పొలములకు పారును.

1847లో ధవళేశ్వరమువద్ద పని ఆరంభమైనది. అచ్చట నది మిక్కిలి వెడల్పై, నడుమ లంకలచే విభజింపబడియున్నది. ఆనకట్ట ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, మొత్తము సుమారు 12,000 అడుగుల పొడవున, ఇసుకమీదనే నిలుపబడి 1852 నాటికి పూర్తియయ్యెను. ఈ నిర్మాణములో వీణెం వీరన్న కాటనునకు కుడిభుజమై నిలిచెను. 1851-52లో గన్నవరమువద్ద వైనతేయ మీదుగా నగరము లంకకు కాలువను దాటించుటకు 40 అడుగుల వెడల్పుగల 49 కమానులతో అక్విడక్టు కట్టిరి. క్రింద వరద పోవుటకు ఎంత ఖాళీ కావలెనో తెలియక ఇట్టి కట్టడము సాధ్యము కాదు. పాత ఆనకట్ట స్థానమున నేడున్న బ్యారేజి 1982లో పూర్తియైనది.

నదిని కొలుచు విధమెట్టిది? ఒక ఒడ్డునుండి రెండవ ఒడ్డునకు అడ్డముగ ఒక గీత నిర్ణయించి, దానిని అనేక భాగములు చేసి, ఒక్కొక్క భాగములో లోతు, వేగము తెలిసికొందురు. ఒక భాగము వెడల్పు 20 మీటర్లు, లోతు 3 మీటర్లు, నీటి సగటు వేగము సెకనుకు 0.8 మీటరు అనుకొందము. ఈ మూడింటిని గుణించినచో సెకనుకు 48 ఘనపు మీటర్ల నీరు వచ్చును. అన్ని భాగములను కూడినచో నది ప్రవాహము తెలియును. ఆ నీటిలో లీటరునకు ఒక గ్రాము మట్టి ఉన్నచో, ఈ ఒక్క భాగమునుండియే దినమునకు 4,147 టన్నుల మట్టి సాగిపోవును. అడుగున దొర్లిపోవు ఇసుక ఇందులో చేరదు. పూర్వము గడలతోను, బరువు కట్టిన త్రాళ్ళతోను లోతు చూచెడివారు. నేడు ధ్వని తరంగములతో చూచుచున్నారు.

అయితే ఒకసారి కొలిచిన ఆకారము శాశ్వతము కాదు. వంపులో వెలుపలి ఒడ్డు కోసుకొనిపోవును; లోపలి వైపున మేట వేయును. వేగము తగ్గిన చోట మట్టి దిగును, హెచ్చిన చోట అడుగు లేచిపోవును. ఈ రెండును లేని వేగమునకును, లోతునకును గల సంబంధమును 1895లో కెన్నెడీ పంజాబు కాలువలను కొలిచి సూత్రీకరించెను. మేటవేసిన పాయలో అంతే వరద మరింత ఎత్తున పోవును. పాత కొలతనుబట్టి కట్టిన గట్టు అప్పుడు చాలదు. 1986 ఆగష్టులో ధవళేశ్వరమువద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల, అనగా సెకనుకు అన్ని ఘనపుటడుగుల, వరద వచ్చి గట్లు తెగి కోనసీమ మునిగినది.

ఇప్పుడు మరియొక మార్పు కనబడుచున్నది. గోదావరి ఏటేట మోసికొనివచ్చు తేలుమట్టి 1970-79లో సగటున 15 కోట్ల టన్నులుండగా, 2000-06 నాటికి 6 కోట్ల టన్నులకు లోబడినది. ఎగువ జలాశయములలో మట్టి నిలిచిపోవుట ఇందుకు ముఖ్య కారణము. మట్టి తగ్గినచో అలలు కోసిన తీరమును నది తిరిగి పూడ్చజాలదు. అంతర్వేది ప్రాంతమున కడలి కోత నేడు ప్రజలెరిగినదే. పాత కొలతలు భద్రపరచుటవలననే ఈ తగ్గుదల తెలియవచ్చినది. నేడు వ్రాసి ఉంచని అంకెను రేపు ఎవరును వెనుకకు పోయి కొలువలేరు.

విద్యార్థులు ఈ పద్ధతిని ఉపాధ్యాయుని సమక్షమున లోతులేని పంటబోదెలో నేర్వవచ్చును. పది మీటర్లు గుర్తించి, కొబ్బరిపీచు ముక్కను వదలి, పట్టిన సెకనులు లెక్కింపవలెను. పైనీటి వేగమును 0.85తో గుణించినచో సగటు వేగము ఉజ్జాయింపుగ వచ్చును. దానిని వెడల్పుతోను, లోతుతోను గుణించి, తేదీతో వ్రాసియుంచవలెను. మరుసటి ఏడు అదే చోట, అదే నెలలో మరల కొలిచినచో, బోదెలో ప్రవాహము ఎంత మారినదో ఆ రెండు అంకెలే చెప్పును.